క్లచ్ తొక్కకుండ గేరు మార్చుట న్యాయమా?



మోటారు నడుపువారిలో ఒక ముచ్చట కలదు. చేయి తిరిగిన డ్రైవరు క్లచ్ పెడలును ముట్టక, ఎడమ కాలు క్రిందనే యుంచి, మూడవ గేరునుండి నాలుగవ గేరునకు మార్చును. కుదుపు లేదు, శబ్దము లేదు. ప్రక్కన కూర్చుండిన పడుచువాడు ఆశ్చర్యపడి, తానును నేర్చుకొనవలెనని కోరును. ఇందులో నీతివిచారణకు ఏమున్నదని కొందరు నవ్వవచ్చును. మాకైతే చాల ఉన్నదని తోచుచున్నది. చేతనైన పనియంతయు చేయదగినదేనా? జరిగిన నష్టము కంటికి కనబడక, చెవికి వినబడక పోయినయెడల అది నష్టము కాకపోవునా?

మొదట ఆ పని ఎట్లు జరుగునో తెలిసికొందము. ఇంజను తిరుగుడు చక్రములకు చేరు దారిలో క్లచ్ ఒక తలుపువంటిది. పెడలు తొక్కగానే ఇంజనుకును గేరు బాక్సుకును సంబంధము తెగును. ఆ వ్యవధిలో గేరు మార్చుదుము. అయితే పళ్ళు కలిసికొనుటకు అసలు కావలసినది పెడలు కాదు, రెండు వైపుల వేగములు సమమగుట. లెక్క చూడుడి. మూడవ గేరు నిష్పత్తి ఒకటిన్నర, నాలుగవ దానిది ఒకటి అనుకొందము. మూడవ గేరులో ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నయెడల, అదే రోడ్డు వేగములో నాలుగవ గేరునకు 2000 చుట్లు చాలును. ఆక్సిలేటరు మీది కాలు కొంచెము సడలించిన క్షణమున పళ్ళమీది ఒత్తిడి తొలగి, గేరు రాడ్డు న్యూట్రలుకు జారును. ఇంజను దిగుచు దిగుచు 2000 దగ్గరకు వచ్చినప్పుడు రాడ్డును వ్రేళ్ళతో నెట్టిన చాలును, గేరు పడును. క్రింది గేరునకు పోవునప్పుడు పని తలక్రిందులు: న్యూట్రలులో ఇంజనును 2000 నుండి 3000కు రేజ్ చేసి, అప్పుడు నెట్టవలెను. ఇది మరింత కష్టము. ఇక్కడ బలము పనికిరాదు, చెవి కావలెను.

ఇది క్రొత్త విద్య కాదు. తొలినాటి కార్లలో వేగములను సమముచేయు సాధనమేదియు గేరు బాక్సులో లేకుండెను. డ్రైవరు క్లచ్‌ను ఒకసారి తొక్కి న్యూట్రలుకు వచ్చి, కాలు తీసి ఇంజను వేగము సరిచేసికొని, మరల తొక్కి గేరు వేసెడివాడు. దీనినే డబుల్ క్లచ్ అందురు. లెక్క తప్పినయెడల గేరు బాక్సు గరగర అరచెడిది. వీధివారందరు తిరిగి చూచెడివారు. 1928లో అమెరికాలోని కాడిలాక్ కార్లలో మొదటిగా సింక్రోమెష్ అను ఏర్పాటు వచ్చెను. ఇందులో సాధారణముగా ఇత్తడితో చేసిన ఒక చిన్న రింగు గేరును ముందుగా తాకి, తన రాపిడిచేత వేగములను కలిపి, పిమ్మటనే పళ్ళను కలియనిచ్చును. నేడు మనము నడుపు కార్లలోనున్నది ఇదియే. ఈ రింగులు లేని పెద్ద లారీలు ఉత్తర అమెరికాలో నేటికిని కలవు. వాటి డ్రైవర్లలో అనేకులు బయలుదేరునప్పుడును నిలుచునప్పుడును మాత్రమే క్లచ్ తొక్కుదురు. అక్కడ అది మోసము కాదు, ఆ బండిని నడుపు పద్ధతులలో ఒకటి. (2014లో సెలేరియో కారుతో మన దేశమున వాడుకలోనికి వచ్చిన క్లచ్ పెడలు లేని గేర్లను చూచి, క్లచ్ పోయినదని కొందరనుకొందురు. క్లచ్ పోలేదు, మన కాలికి బదులు యంత్రమే దానిని కదుపుచున్నది.)

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. కారులో ఈ పని చేయువాడు, “నేను వేగములు సరిగా కలిపినయెడల ఏ నష్టమును లేదు గదా” అనును. నిజమే, అట్లు కలిపినయెడల లేదు. కాని తాను సరిగా కలిపెనో లేదో అతనికి తెలుపువారెవరు? లారీ డ్రైవరునకు గేరు బాక్సే తెలుపును. వేగము కలియనియెడల అతని తప్పు వెంటనే అరచును. కారు గేరు బాక్సు అట్లు చేయదు. రెండు మూడు వందల చుట్లు తేడా వచ్చినను ఆ చిన్న రింగు రాచుకొని, ఆ తేడాను తన ఒంటిమీద వేసికొని, గేరును మెత్తగా పడనిచ్చును. క్లచ్ తొక్కినప్పుడు ఆ రింగు క్లచ్ ప్లేటును కొన్ని గేర్లను మాత్రమే లాగవలెను. తొక్కనప్పుడు ఫ్లైవీలుతో కూడ ఇంజనంతటిని లాగవలసివచ్చును. డ్రైవరు తప్పు చేసెను, రింగు మోసెను, ప్రక్కవాడు భేష్ అనెను. చప్పుడు కాలేదు గనుక తాను నేర్పరినని డ్రైవరు నమ్ముచున్నాడు. నేర్పరి అతడా, రింగా?

రింగు అరిగిన సంగతి అప్పుడు తెలియదు. కొన్ని నెలలకో సంవత్సరములకో గేరు వేయగానే గరగరమనును. ఆ రింగు చిన్నదే, కాని దానిని మార్చుటకు గేరు బాక్సును క్రిందికి దింపి, విప్పవలెను. షెడ్డులో కూలి ఎంతయగునో కారుగలవారిని అడుగుడి. అప్పటికి బండి ఎవరి చేతిలో ఉండునో? జీతపు డ్రైవరు పని మాని వెళ్ళియుండవచ్చును. తరువాత వచ్చిన అమాయకుని మీద నింద పడును. లేదా బండి అమ్ముడుపోయి, అప్పుచేసి టాక్సీగా కొనిన బీదవాడు ఆ డబ్బు కట్టవలసివచ్చును. లూకా సువార్త 16వ అధ్యాయములో పరుల సొమ్ము విషయమైన నమ్మకత్వమును గూర్చి మనము చదివియున్నాము. సొమ్మనగానే మనకు రూకలు జ్ఞాపకము వచ్చును. పరుల రింగు కూడ సొమ్మే. సొంత కారు గలవాడు నా బండి నా ఇష్టమనవచ్చును. ఆ బండి మీదనే ఇంటివారందరు బ్రదుకుచున్నయెడల ఆ మాట సగమే నిజము.

అయితే ఈ విద్యను నేర్చుకొననేకూడదా? మేమట్లు చెప్పము. రాత్రి రెండు గంటలకు ప్రసవవేదన పడుచున్న స్త్రీని ఇరువది కిలోమీటర్ల దూరమున నున్న ఆసుపత్రికి తీసికొని పోవుచుండగా క్లచ్ కేబులు తెగినదనుకొనుడి. వేరొక బండి లేదు. అప్పుడు గేరు బాక్సు అరుగునని ఆలోచించువాడు గేరు బాక్సును మనుష్యునికంటె ఎక్కువగా ఎంచినవాడగును. ఇంజను ఆపి, మొదటి గేరులో నుంచి, సెల్ఫ్ కొట్టినయెడల బండి సెల్ఫ్ బలముతోనే కదలి ఇంజను అందుకొనును. పెడలు తొక్కనిదే సెల్ఫ్ తిరుగని కారైనను, కేబులు తెగిన పెడలును తొక్కవచ్చును గదా. క్లచ్ మాత్రము విడువదు. అటుపిమ్మట పైన చెప్పిన విధముగా రెండవ, మూడవ గేర్లకు పోవచ్చును. నిలుపవలసివచ్చినప్పుడు ముందుగానే న్యూట్రలుకు లాగవలెను, లేనియెడల ఇంజను ఆగిపోవును. రైలు గేటును దూరమునుండియే చూచుకొనవలెను. సందడిగల బజారులో ఇట్లు పోవుట ప్రాణములతో ఆట. అక్కడ బండి నిలిపి మరొక సాయము వెదకుటయే మేలు.

ఆ చెవి అలవడవలెనన్నను ఉపాయము లేకపోలేదు. క్లచ్ తొక్కుచునే, క్రింది గేరునకు పోవునప్పుడు ఇంజనును తగినంత రేజ్ చేసి వేగము కలుపుట అభ్యసింపవచ్చును. చెవి అదే నేర్చును, క్లచ్ ప్లేటునకు రాపిడి తగ్గును. కాని ఇందులో చూచువారికి వింత లేదు గనుక పడుచువారు దీనిని అంతగా కోరరు.

ఇక మరుసటి ఉదయమున ఆ డ్రైవరు యజమానియొద్దకు పోయి, “అయ్యా, రాత్రి క్లచ్ లేకుండ ఇన్ని కిలోమీటర్లు తెచ్చితిని, గేర్లు ఒకసారి చూపింపుడి” అని చెప్పవలెను. సరదాకు చేసినవాడు ఈ మాట చెప్పలేడు; అవసరమునకు చేసినవాడు చెప్పగలడు. విన్న యజమాని ఖర్చును అతని జీతములో కోయుటకు ముందు, ఆ కేబులు తాను కడపట ఎప్పుడు మార్పించెనో జ్ఞాపకము చేసికొనవలెను. తరచుగా కేబులు తెగుటకు ముందు కొన్ని దినములనుండి పెడలు బరువెక్కుచునే యుండును, డ్రైవరు ఆ సంగతి చెప్పుచునే యుండును.