చప్పుడు పోతే చాలా?

పాత కారు అమ్మేవాడు కొనేవాడికి ఎంతవరకు చెప్పాలి? అడిగినదానికి అబద్ధం చెప్పకూడదు, అక్కడిదాకా పేచీ లేదు. అడగనిది కూడా చెప్పాలా? అసలు అడగాలనే అనుమానమే రాకుండా చేసేస్తే? ఈ మూడో ప్రశ్న నాకు ఏ పుస్తకంలోనో కాదు, కంచికచర్లలో హైవే పక్కన రేకుల షెడ్డులో తగిలింది.

కారు నాన్నది, పదహారేళ్లది. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు ఎడమవైపు ‘టక్’మని చప్పుడు. గట్టిగా బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకి లాగుతోంది. మేస్త్రి జాకీ ఎక్కించి, లోయర్ ఆర్మ్ సందులో రాడ్ పెట్టి కదిపి చూశాడు.

“బుష్షులు పోయినయ్ బాబూ. రెండువైపులా మార్చాల.”

కారు అమ్మకానికి పెట్టామని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “అమ్మేదే గదా, ఎందుకు ఖర్చు? కాస్త ఆయిల్ కొడతా. పది రోజులు చప్పుడు రాదు. ఈలోపు బేరం అయిపోద్ది” అన్నాడు.

ఆయన మోసగాడేం కాదు. ఆ సలహా వల్ల ఆయనకి ఓ పూట పని పోతుంది. నా డబ్బు మిగల్చాలనే చెప్పాడు. అందుకే సమాధానం చెప్పడం కష్టమైంది.

బుష్ అంటే పెద్ద వస్తువేం కాదు. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల ఇంకో సన్న గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కున్న రబ్బరు. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు ఆ రబ్బరు మెలితిరిగి, మళ్లీ తన చోటికి వస్తుంది. ఎడ్లబండి ఇరుసుకి కందెన పెడతారు, ఎందుకంటే అక్కడ ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. ఇక్కడ ఏదీ రాసుకోకూడదు. సహజ రబ్బరుకి ఇంజిన్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. అంటే చప్పుడు తగ్గినన్నాళ్లూ లోపల చిరుగు ఇంకా పెరుగుతూ ఉంటుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, బగ్ అలాగే ఉంచి వార్నింగ్‌ని సప్రెస్ చేయడం. కాకపోతే వార్నింగ్ తీసేసినంత మాత్రాన బగ్ పెద్దదవదు. ఇక్కడ అవుతుంది.

అమ్మేవాడి మౌనం గురించి క్రీ.పూ. 44లోనే సిసెరో తన ‘డె ఆఫీకియిస్’ మూడో భాగంలో చర్చించాడు. ఇద్దరు స్టోయిక్‌ల వాదన అది. లోపాలున్న ఇల్లు అమ్ముతున్నప్పుడు అన్నీ చెప్పి తీరాలంటాడు ఆంటిపేటర్. చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అంటాడు డయోజెనీస్ (పీపాలో బతికినాయన కాదు, ఈయన బాబిలోన్ వాడు). సిసెరో ఆంటిపేటర్ వైపే మొగ్గాడు. నాకు మాత్రం డయోజెనీస్ మాటలో కొంత బలం కనిపిస్తుంది. కొనేవాడు తన మెకానిక్‌ని తెచ్చుకుని చూపించుకోవచ్చు కదా! కానీ ఆయన వాదన నిలబడాలంటే కారు తన సంగతి తను చెప్పుకోగలగాలి. ‘టక్’మనేది ఆ కారు నోరు. నేను ఊరుకోవడం ఒకటి, దాని నోరు మూయడం ఇంకొకటి. పైగా వాళ్లిద్దరి లెక్కలో అమ్మేవాడూ కొనేవాడే ఉన్నారు. కారు పక్కకి లాగినప్పుడు ఆ పక్కన మోపెడ్ మీద వెళ్తున్న మనిషి ఏ బేరంలోనూ లేడు.

బుష్షులు మార్పించాను. ఆర్మ్‌లు విప్పి, పాతవి ప్రెస్ మీద తోసేసి, కొత్తవి ఎక్కించారు. అప్పుడొకటి జరిగింది. కారు ఇంకా జాకీ మీద ఉండగానే కుర్రాడు ఆర్మ్ బోల్టులు టైట్ చేయబోయాడు. మేస్త్రి కసిరాడు: “గాల్లో బిగిస్తావేందిరా? కిందకి దించు!” చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, నేల మీదకి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలికలోనే ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. అలా చేయకపోయినా నాకు తెలిసేది కాదు, కొనేవాడికీ తెలిసేది కాదు. గంట క్రితం ఆయిల్ కొడతానన్న మనిషే, ఎవరికీ కనపడని ఈ తప్పుని ఒప్పుకోలేదు. ఆయన దృష్టిలో అది బేరం, ఇది పని.

ఇదే దారిలో హైదరాబాద్ వైపు వెళ్తే, నందిగామ దాటాక జగ్గయ్యపేట. అక్కడి బౌద్ధ స్తూపానికి ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే ఆయన ఆయక స్తంభాలు ఇచ్చినట్టు ప్రాకృత శాసనం ఉంది. ఆయన రాజు కాదు, వర్తకుడూ కాదు. పేరు పక్కన ‘ఆవేసని’ అని ఉంటుంది, అంటే పనివాడు, శిల్పి. ఆ దానం సకల ప్రాణుల హితం కోసం, సుఖం కోసం అని రాయించాడు. అప్పటి శాసనాల్లో అది మామూలు మాటే అనుకోండి. అయినా నాకెందుకో ఆ ‘సకల ప్రాణుల’లో మోపెడ్ మనిషి కూడా ఉన్నట్టే అనిపిస్తుంది.

తర్వాతి వారం కారు చూడ్డానికి ఒకాయన వచ్చాడు. ముందు బుష్షులు కొత్తవని చెప్పి బిల్లు చూపించాను. బిల్లు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అమ్మే బండికి ఇంత ఖర్చు ఎందుకు పెట్టారండీ? యాక్సిడెంట్ ఏమన్నా అయిందా?” అన్నాడు.