అట్ట బీరువాకి తాళం ఉండదు

"అట్టతో బీరువా ఏమిటే? వానాకాలం ఏం చేస్తావ్?" అని అడిగింది మా అమ్మ, నా గదిలోకి వచ్చి చూసి. ఆ తర్వాత దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి తాళం ఎక్కడ?" అని అడిగింది. మొదటి ప్రశ్నకి నా దగ్గర చాలా సమాధానాలున్నాయి. రెండోదానికి మాత్రం ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. ఏడాది గడిచాక ఇప్పుడు నవ్వు రావటం లేదు.

ఎమ్మే, ఎంఫిల్, పీహెచ్‌డీ అంటూ తొమ్మిదేళ్ళు హాస్టల్ గదుల్లో బతికినదాన్ని. సూట్‌కేసు మంచం కింద, రోజూ కట్టుకునేవి కిటికీ ఊచకి కట్టిన దండెం మీద. ఆ తర్వాత హైదరాబాదులో అద్దె ఇళ్ళు. ఒంటరి ఆడదానికి ఇల్లివ్వటమే గొప్ప అనుకునే ఓనర్లు ఖాళీ చెయ్యమంటే ఎదురు మాట్లాడటానికి ఉండదు. ఆరేళ్ళలో నాలుగిళ్ళు మారాను. మారిన ప్రతిసారీ పుస్తకాలూ బట్టలూ కిరాణా కొట్టు నుంచి అడిగి తెచ్చుకున్న అట్టపెట్టెల్లో సర్దటం, కొత్తింట్లో నెలల తరబడి అవి విప్పకపోవటం. అట్టపెట్టెల్లోనే బతుకుతున్నప్పుడు అట్ట బీరువా కొనుక్కుంటే తప్పేమిటి అనిపించింది.

కొన్నాను. మడతపెట్టిన రేకుల్లాగా వచ్చింది. గీతలు పడిన చోట మడిస్తే అడుగున్నర చదరపు గడి ఒకటి తయారవుతుంది. దాని పక్కన ఇంకోటి, పైన ఇంకోటి, చీలికలో నాలుక దూర్చి బిగించుకోవటమే. కావాలంటే గడిలో సొరుగు పెట్టుకోవచ్చు, రెండు గడులు కలిపి నిలువుగా హ్యాంగర్లు తగిలించుకోవచ్చు. మేకులక్కర్లేదు, వడ్రంగి అక్కర్లేదు, "కాస్త పట్టుకో బాబూ" అని పక్కింటి మగపిల్లాణ్ణి పిలవక్కర్లేదు. అరపూటలో తొమ్మిది గడులు నేనొక్కదాన్నే నిలబెట్టాను. మన ఇళ్ళల్లో బరువైన వస్తువులన్నీ మగవాళ్ళు మోసి, మగవాళ్ళు నిర్ణయించిన చోట పెట్టినవే కదా. నా చేత్తో ఎత్తి నాకు కావలసిన గోడకి జరుపుకోగలిగిన మొదటి సామాను ఇదే. ఆ సంతోషం చిన్నదేమీ కాదు.

పరిశోధన చేసే అలవాటు ఊరికే ఉండనివ్వదు. అట్ట గురించి చదివాను. మధ్యలో అలలాగా ముడుచుకున్న కాగితం, అటూ ఇటూ చదునైన కాగితం, వాటిని పట్టి ఉంచే పిండి జిగురు. ఇంతే దాని నిర్మాణం. అలలు నిలువుగా ఉండేట్టు నిలబెడితే కాగితం కూడా మనిషి బరువు మోస్తుంది. ఈ ముడతల కాగితానికి 1856లో ఇంగ్లండులో మొదటి పేటెంటు తీసుకున్నది పెట్టెల కోసం కాదు, మగవాళ్ళ పొడుగు టోపీల లోపలి అస్తరు కోసం. సీసాలూ లాంతరు చిమ్నీలూ చుట్టటానికి దాన్ని వాడవచ్చని 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ పేటెంటు తీసుకున్నాడు. అంటే దుస్తులతో మొదలై, పెట్టెగా లోకమంతా తిరిగి, మళ్ళీ నా చీరల దగ్గరికి వచ్చిందన్నమాట. ఫ్రాంక్ గెహ్రీ అనే ఆర్కిటెక్టు 1969, 1973 మధ్య అట్ట పొరలతో కుర్చీలు చేశాడు. చౌకగా అందరికీ అందాలని చేసినవి ఇవాళ మ్యూజియంలలో ఉన్నాయి, షోరూముల్లో ఖరీదైన వస్తువులుగా అమ్ముడుపోతున్నాయి.

నన్ను ఎక్కువ కదిలించింది షిగేరు బాన్ పని. 1995లో కోబే భూకంపం తర్వాత కాగితపు గొట్టాలతో ఇళ్ళు కట్టిన జపాన్ ఆర్కిటెక్టు ఆయన. 2001లో గుజరాత్ భూకంపం తర్వాత భుజ్‌లో కూడా కట్టాడు, కూలిన ఇళ్ళ శిథిలాలనే పునాదిగా వేసి. 2011లో జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు జనం వ్యాయామశాలల్లో, పెద్ద పెద్ద హాళ్ళల్లో గుంపులుగా తలదాచుకుంటే, కాగితపు గొట్టాలు నిలబెట్టి గుడ్డ తెరలు కట్టి, ఒక్కో కుటుంబానికి ఒక్కో గడి చేసి ఇచ్చాడు. వందల మంది మధ్య చీర మార్చుకోవాల్సిన పరిస్థితి, బిడ్డకి పాలివ్వాల్సిన పరిస్థితి మన తుఫాను షెల్టర్లలో ఆడవాళ్ళకి బాగా తెలుసు. అక్కడ గొట్టం ఎంత గట్టిదని ఎవరు అడుగుతారు? తెర ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఇదంతా చదివి నేనొక సిద్ధాంతం తయారుచేసుకున్నాను. వస్తువు తేలిగ్గా ఉండాలి. భూమ్మీద మన జాడ తక్కువగా ఉండాలి. చెక్కపొట్టు పలకల బీరువాల్లో వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. అది కాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే నిర్ధారించింది. అట్టలో ఆ బాధ లేదు. పాడైతే మళ్ళీ గుజ్జయి మళ్ళీ అట్ట అవుతుంది. అందరికీ చెప్పేదాన్ని. అమ్మకి కూడా చెప్పాను. నేను చేసిన తప్పు అక్కడే ఉంది.

నాన్న పోయాక తెనాలి ఇల్లు అమ్మేశారు. అన్నయ్యది బెంగుళూరులో రెండు గదుల ఇల్లు. అమ్మ నా దగ్గరికే వస్తానంది. సామాను పంచుకుంటుంటే బీరువా దగ్గర ఆగిపోయాం. 1987లో అమ్మ పెళ్ళికి తాతయ్య సారెతో పంపిన స్టీలు బీరువా అది, నిలువుటద్దం ఉన్నది. ఎడ్లబండి మీంచి నలుగురు దించారట. పేరుకి అమ్మది. తాళాలు మాత్రం నాయనమ్మ బొడ్లో ఉండేవి. లాకర్లో పొలం కాగితాలు, నాయనమ్మ గొలుసు. పై అరలో నాన్న చొక్కాలు, పంచెలు. మధ్య అరల్లో అన్నయ్యవీ నావీ. అన్నింటికంటే కింద, వంగి తీసుకోవాల్సిన అరలో అమ్మ చీరలు. నాయనమ్మ పోయిన 2001లో తాళాలు అమ్మ కొంగుకి వచ్చాయి. అప్పటికి అమ్మ కాపరానికి వచ్చి పద్నాలుగేళ్ళు.

స్త్రీధనం భార్య సొంతమే, అత్తింటివాళ్ళ దగ్గర ఉన్నంత మాత్రాన వాళ్ళది అయిపోదు అని సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో చెప్పింది 1985లో. అంటే బీరువా మా ఇంటికి రావటానికి రెండేళ్ళ ముందే. ఆ తీర్పు మా ఇంటి గడప దాటలేదు. అమ్మకి తాళం కోర్టు ఇవ్వలేదు, అత్తగారి చావు ఇచ్చింది. 2005లో గృహహింస చట్టం వచ్చాక స్త్రీధనాన్ని తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటును అడగవచ్చు. అయితే ఎంతమంది ఆడవాళ్ళు తమ బీరువా కోసం కోర్టు మెట్లెక్కుతారు?

నేనుండేది రెండో అంతస్తు. మెట్లు ఇరుకు, మలుపులో బీరువా తిరగదన్నారు సామాను మోసేవాళ్ళు. నేను వెంటనే "అమ్మేద్దాం అమ్మా, నీకు కూడా నాలుగు గడులు చేసి పెడతాను. ఎంత తేలికో చూడు, ఇంకా ఎన్నాళ్ళు మోస్తావ్ ఈ ఇనుముని" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవటాన్ని అంగీకారం అనుకున్నాను. మగవాళ్ళ గురించి మనం రాసే విమర్శ ఇదే కదా! పాత ఇనుప సామానువాడు తూకం వేసి తీసుకుపోయాడు. అద్దాన్ని తూకంలోంచి తీసేశాడు.

వచ్చిన వారానికి అమ్మ అంది, "నీ అట్ట ఎన్నాళ్ళుంటుంది?" అయిదారేళ్ళు ఉంటుందన్నాను. "నాది ముప్ఫై ఏడేళ్ళుంది. ఇంకో బీరువా కొన్న పాపాన పోలేదు. పర్యావరణం అంటావ్, మరి ఏది పర్యావరణం?" నా దగ్గర సమాధానం లేదు. చింకిచీరలతో బొంతలు కుట్టిన ఆడవాళ్ళు, ఉయ్యాల కట్టి, ఆ తర్వాత మసిగుడ్డ చేసి, మిగిలినవి స్టీలు గిన్నెలవాడికి వేసిన ఆడవాళ్ళు... వాళ్ళు చేసినదాన్ని మనం పీనాసితనం అన్నాం. దానికి ఇప్పుడు ఇంగ్లీషు పేరు పెట్టి మళ్ళీ వాళ్ళకే పాఠం చెబుతున్నాం. అసలు ప్రశ్న బీరువా దేనితో చేశారన్నదా, లేక అందులో ఎన్ని బట్టలున్నాయన్నదా? నా తొమ్మిది గడుల్లో సగం ఏడాదికి ఒక్కసారి కూడా వేసుకోని కుర్తీలే. 2013లో ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్ళల్లో ఎక్కువమంది చౌక బట్టలు కుట్టే ఆడవాళ్ళు. అలాంటి బట్టల్ని పర్యావరణహితమైన అరలో మడతపెట్టుకుంటే మనసు తేలికవుతుంది తప్ప, లోకం కాదు.

తేలికదనం గురించి మళ్ళీ ఆలోచించాల్సి వచ్చింది. జాడ లేకుండా బతకమని మొదటినుంచీ ఎవరికి చెప్పారు? ఆడపిల్లకే. "ఆడ"పిల్ల అంటే అక్కడి పిల్ల అని, ఇక్కడ గోడకి మేకు కొట్టుకునే హక్కు లేనిదని. పుట్టింట్లో ఆమె అర పెళ్ళికాగానే తమ్ముడిదవుతుంది, అత్తింట్లో ఆమెకి కింది అర దొరుకుతుంది. కూతురికి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి చట్టంలో ఉన్నా, మేమెంతమందిమి సంతకం పెట్టి వదులుకోలేదు? అలాంటి జీవితానికి "నిరాడంబరత" అని పేరు పెట్టి మెచ్చుకోవటంలో ఎంత అన్యాయం ఉందో నాకు అమ్మ బీరువా పోయాక తెలిసింది. వదులుకోవటం గొప్ప విషయమే, అయితే ముందు అది మన చేతిలో ఉండాలి. ఉద్యోగం ఉండి, జీతం ఉండి, ఇంటి తలుపు తాళమే నా చేతిలో ఉన్న నాకు బీరువాకి తాళం అక్కర్లేదు. రాయాలనుకునే స్త్రీకి ఏడాదికి అయిదువందల పౌండ్లు, సొంత గది కావాలని వర్జీనియా ఊల్ఫ్ 1929లో రాసింది అందరికీ గుర్తే. ఆ గది తలుపుకి గడియ ఉండాలని కూడా ఆవిడ అందని మనం తరచుగా మర్చిపోతాం.

ఇంకో మాట. నా తేలికదనాన్ని మోసేది ఎవరు? అట్ట దానంతటదే గుజ్జు కాదు. సందు చివర తెల్లవారుజామున గోనెసంచితో వంగి అట్టలు ఏరే ఆమె ఉంది. ఆమె ఏరి, తడిసినవి వేరుచేసి, తొక్కి చదును చేసి, కిలోల లెక్కన అమ్మితేనే నా బీరువా "పర్యావరణహితం" అవుతుంది. పుణెలో చెత్త ఏరేవాళ్ళు 1993లో సంఘం పెట్టుకున్నారు, వాళ్ళ సహకార సంఘం 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుంది. అందులో ఎక్కువమంది స్త్రీలే. మన నగరాల్లో చాలాచోట్ల ఆమె ఇంకా ఒంటరిగానే ఏరుకుంటోంది. పైగా కాగితం నార తిరిగి వాడిన ప్రతిసారీ పొట్టిదవుతుంది, అయిదు నుంచి ఏడుసార్లకి మించి పనికిరాదు. వానకి తట్టుకోవాలని ప్లాస్టిక్ పొర వేస్తే ఆ కాస్తా పోతుంది, గుజ్జు చెయ్యటం కష్టమై చెత్తలోకే పోతుంది. అంటే అట్టని గట్టిగా చేస్తే హితం కాదు, హితంగా ఉంచితే గట్టిగా ఉండదు.

వానాకాలంలో అమ్మ అన్నదే అయింది. కింది వరుస గడులు చెమ్మ పీల్చి ఉబ్బాయి, పిండి జిగురు రుచి మరిగి బొద్దింకలు చేరాయి. నేను కొత్త గడులు తెప్పిద్దామన్నాను. అమ్మ వినలేదు. నాలుగు ఇటుకలు తెప్పించి కింద పెట్టించింది. మైదా ఉడికించి లై చేసి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపింది. తన పాత నూలుచీర ఒకటి చింపి, అట్టకి లోపలా బయటా అతికించింది. రెండు రోజులు ఎండకి పెట్టాక బల్లలాగా తయారైంది. "గుడ్డ అతికిస్తే ఇక రీసైకిల్ అవదమ్మా" అన్నాను, పాత అలవాటు పోక. "పారేస్తే కదా!" అంది.

ఇప్పుడు పై వరుస అమ్మది. వంగక్కర్లేకుండా చేతికందే ఎత్తులో చీరలు సర్దుకుంది. అది చూసి నేను చేసినదానికి కొంత పరిహారం జరిగిందనుకున్నాను. అయితే మొన్న ఆవిడ మంచం కింద ఊడుస్తుంటే చిన్న ట్రంకుపెట్టె తగిలింది. ఎప్పుడు కొనుక్కుందో, ఎవరితో తెప్పించుకుందో నాకు తెలియదు. దానికి తాళం వేసి ఉంది. తాళంచెవి అమ్మ జాకెట్టు పిన్నీసుకి ఉంది.

లోపల ఏముందని అడగబోయి ఊరుకున్నాను. ఏడాది క్రితం నేను అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. బీరువా అమ్మేద్దామా అని చెప్పటానికి బదులు, అది నీకేమవుతుందమ్మా అని అడిగి ఉండాల్సింది. మెట్ల మలుపు నిజంగానే ఇరుకు, ఇంకో దారి దొరికేది కాదేమో. కానీ అడిగి ఉంటే, వదులుకున్నది ఆవిడ అయ్యేది. ఇప్పుడు వదిలించింది నేనయ్యాను.