పచ్చగా ఉన్న మొక్క

డిసెంబరులో వికారాబాద్ దాటి తాండూరు వైపు రైల్లో వెళ్తుంటే రెండు పక్కలా కంది చేలే. కోతకొచ్చిన కంది చేను ఫోటోల్లో అందంగా పడదు. ఆకు రాలిపోయి, కాయ ఎండి, కట్టెల మోపులు నిలబెట్టినట్టు ఉంటుంది. ఒకసారి యాలాల వైపు ఒక చేను గట్టు మీద నిలబడ్డాను. అంత ఎండులోనూ ఒక మొక్క మాత్రం పచ్చగా, గుబురుగా ఉంది. దానికి ఫోటో తీశాను. పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "గదెందుకు సార్, గది వెర్రి తెగులు వట్టిన చెట్టు. పువ్వు పూయది, కాయ గాయది."

చేనంతటిలో నాకు నచ్చిన మొక్క అదొక్కటే. పనికిరానిదీ అదొక్కటే.

ఆ తెగులు కథ తర్వాత వెతికి చదివాను. సైన్సు గురించి మాట్లాడినప్పుడల్లా మనం వాడే రెండు మాటలు, 'టెక్నాలజీ', 'కలిసి పనిచేయడం', అసలు ఏమిటో ఆ కథలో కొంత తెలిసింది.

వెర్రి తెగులు గురించి శాస్త్రవేత్తలు మొదట రాసింది 1931లో, బీహార్‌లోని పూసాలో. 1960ల్లో దాన్ని ఒక సన్నటి నల్లి మోసుకొస్తోందని తేలింది. ఆ నల్లి పొడవు సుమారు మిల్లీమీటరులో అయిదో వంతు. వైరస్ అయి ఉంటుందని అందరికీ అనుమానమే కానీ ఆకు రసంలోంచి దాన్ని విడదీసి చూపించడం ఎవరివల్లా కాలేదు. చివరికి పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పి. లవకుమార్, డి.వి.ఆర్. రెడ్డి, స్కాట్లాండ్‌కి చెందిన ఎ.టి. జోన్స్ కలిసి పనిచేశారు. నల్లి మోసుకొచ్చే ఆ వైరస్ జన్యు పదార్థం ముక్కలు ముక్కలుగా ఉంటుందని 2003లో ప్రచురించారు. అంటే దాదాపు డెబ్బై ఏళ్ళు. నల్లుల మీద పనిచేసేవాళ్ళు, వైరస్‌ల వాళ్ళు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల వాళ్ళు ఒకే ఆకు చుట్టూ చేరితే తప్ప అది దొరకలేదు.

ఇక్కడిదాకా ఇది మనకు అలవాటైన కథే. నన్ను ఆపింది ఇంకోటి. వైరస్ దొరక్కముందే తెగులుని తట్టుకునే కంది వచ్చేసింది. 'ఆశ' అనే రకం 1993లోనే విడుదలైంది. కారణం తెలియకుండా మందెలా కనుక్కున్నారు? తెగులు పట్టిన ఆకుని ఆరోగ్యంగా ఉన్న మొక్క ఆకుకి స్టేప్లర్‌తో కుట్టేవాళ్ళు. ఆ ఆకు వాడే కొద్దీ నల్లులు కొత్త ఆకు మీదికి పాకేవి. ఏ మొక్క నిలబడుతుందో చూసి దాన్ని ఎంచుకునేవాళ్ళు. 1970ల్లో ఇక్రిశాట్‌లో వచ్చిన పద్ధతి ఇది. టెక్నాలజీ అంటే అందరికీ కోట్ల రూపాయల యంత్రం గుర్తొస్తుంది. ఇక్కడ అది ఆఫీసు బల్ల మీది స్టేప్లర్.

2011లో అదే 'ఆశ' జన్యుపటం చాలావరకు చదివారు. పటాన్‌చెరు, చైనా, అమెరికా ప్రయోగశాలలు కలిసి 48,680 జన్యువులని లెక్క తేల్చాయి. పేదల పంట అని ఎవరూ పెద్దగా పట్టించుకోని కందికి అది చిన్న గౌరవం కాదు.

మరి ఈ కలిసి పనిచేయడంలో పెద్దాయన ఎక్కడున్నాడు?

ఇలా అడగ్గానే "రైతుకి అన్నీ తెలుసు" అనే తీపి మాట నోటికొస్తుంది. అది నిజం కాదు. వెర్రి తెగులుని ఆయన నా కన్నా, బహుశా చాలామంది విద్యార్థుల కన్నా ముందు గుర్తుపడతాడు. కానీ నల్లిని ఆయన కన్ను పట్టుకోలేదు. వైరస్‌ని అసలే పట్టుకోలేదు. ఇద్దరి జ్ఞానమూ సమానం అని చెప్పడం మర్యాదలా కనిపించే అబద్ధం. అలాగని ఆయన్ని 'లబ్ధిదారు' గడిలో పెట్టేయడం కూడా తప్పే. మైక్రోస్కోప్ వెతకాల్సింది ఏమిటో మొదట వేలు పెట్టి చూపించేది ఆయనలాంటి వాళ్ళే. తప్పు రకం విత్తితే ఏడాది పోయేది కూడా వాళ్ళదే.

2022 డిసెంబరులో ఈ జిల్లాలో రెండు విషయాలు జరిగాయి. ఒకటి, మర్పల్లి మండలం మొగలిగుండ్ల పొలాల్లో గుండ్రటి వింత వస్తువొకటి దిగింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొచ్చాయి. గ్రహాంతర వాహనమని పుకారు. తీరా చూస్తే ఒక స్పెయిన్ కంపెనీ అంతరిక్ష పర్యాటకం కోసం హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచి పరీక్షగా పంపిన గుళిక. "ఇదేంది?" అని అడిగినవాళ్ళని చూసి సోషల్ మీడియాలో మనం నవ్వుకున్నాం. సైన్సులో మొదటి ప్రశ్న అదే కదా!

రెండోది, తాండూరు కందికి జీఐ గుర్తింపు వచ్చింది. దానికి దరఖాస్తు పెట్టింది యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. ఈ పప్పులో 22 నుంచి 24 శాతం ప్రొటీన్ ఉంటుందన్నది రసాయనశాస్త్రం మాట. ఇక్కడి లోతైన నల్లరేగడిలో అట్టపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, కింద సున్నపురాయి ఉన్నాయన్నది భూగర్భశాస్త్రం మాట. తాండూరు పప్పు వేరు అన్నది వండుకునేవాళ్ళ మాట. అన్నిటికన్నా పాతది ఈ మూడో మాటే. మిగతా శాస్త్రాలు వచ్చి దానికి సాక్ష్యం చెప్పాయి.

రెండు సంఘటనల్లోనూ యంత్రాలున్నాయి, నిపుణులున్నారు. తేడా ఒక్కటే. మొదటిదాంట్లో ఊరు ప్రేక్షకురాలు. రెండోదాంట్లో కాగితం మీద సంతకం ఊరిదే.

కలిసి పనిచేయడానికి అందరికీ అన్నీ తెలిసి ఉండాలని నేననుకోను. ఎవరు అడిగినా జవాబు చెప్పాల్సిన బాధ్యత ఉండాలి, అంతే. వైరస్ నిపుణుడు నల్లి నిపుణుడికి జవాబు చెప్పాడు కాబట్టే డెబ్బై ఏళ్ళ చిక్కు వీడింది. ఆ వరస ప్రయోగశాల గేటు దగ్గర ఆగిపోతే పత్రాలూ, పటాలూ, పేటెంట్లూ గుబురుగా పెరుగుతాయి. దూరం నుంచి చాలా పచ్చగా కనిపిస్తాయి.

ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. ఎవరికి చూపించినా "భలే ఉంది" అంటారు.