క్రొత్త గుండె

ధ్యాన భాగము: యెహెజ్కేలు 36వ అధ్యాయము, 26వ వచనము



రాతిగుండెను తీసివేసి మాంసపు గుండెను ఇచ్చెదనని దేవుడు ప్రవక్తద్వారా సెలవిచ్చిన సంగతి మీరు అనేక పర్యాయములు వినియుందురు. మన పితరులు దానిని ఉపమానముగానే వినిరి. అయితే పల్నాటివారు జబ్బు ముదిరినప్పుడు మాచర్ల రైలెక్కి పోవు గుంటూరు పెద్దాసుపత్రిలోనే, 2016లో, డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలేగారును ఆయన బృందమును ఒక రోగికి నిజముగా గుండె మార్చిరి.

గుండె జబ్బులన్నిటికి ఇది చికిత్స కాదు. రక్తనాళము పూడినచో వేరొక దారి వేయుదురు. కవాటము చెడినచో దానినే మార్చుదురు. కాని కొందరికి గుండె కండరమే బలహీనపడి, పాత తోలుతిత్తివలె సాగిపోవును. పడుకొంటే ఊపిరాడదు, కాళ్లు పొంగును, వాకిలి దాటుటయే గగనము. కాన్పు సమయమున కొందరు స్త్రీలకు కూడ ఇట్లు వచ్చును. మందులతో కోలుకొనువారు కలరు. కోలుకొననివారిలో కొందరికి మరియొకరి గుండె తప్ప గతి లేదు.

ఆ గుండె వచ్చిన పిమ్మట జరుగునది వింతగా నుండును. పాత నరములు తెగిపోయినందున అది తనంతట తానే, నిమిషమునకు నూరు మారులకు దగ్గరగా కొట్టుకొనును. పరుగెత్తినను భయపడినను వెంటనే వేగము పెంచదు. శరీరమైతే దానిని శత్రువని యెంచి పోరాడును. ప్రాణము నిలుపుటకు వచ్చినదానినే చంపజూచును! ఆ పోరాటమును అణచు మందులు జీవితాంతము మానక మ్రింగవలెను. క్రొత్త హృదయమును పొందియు పాత స్వభావముతో పెనుగులాడు విశ్వాసికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ గుండె ఎక్కడనుండి వచ్చును? లోకములో మొదటి గుండె మార్పిడి 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో జరిగినది. చేసిన డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ ఒక బోధకుని కుమారుడు. ముందురోజున డెనీస్ డార్వాల్ అను ఇరువదియైదేండ్ల యువతి తల్లితోకూడ రోడ్డు దాటుచుండగా కారు గుద్దెను. తల్లి అక్కడనే మరణించెను. కుమార్తె మెదడు మరి పనిచేయదని వైద్యులు తేల్చిరి. భార్యను పోగొట్టుకొనిన ఆ తండ్రిని గుండె ఇచ్చెదరా అని అడిగిరి. ఆయన నాలుగు నిమిషములు ఆలోచించి సరేననెను. ఆ గుండెతో లూయీ వాష్కాన్‌స్కీ 18 దినములు బ్రదికెను. ఆమె మూత్రపిండము పదేండ్ల మిశ్రమజాతి బాలునికి పెట్టిరి. తెల్లవారును నల్లవారును ఒక బల్లమీద కూర్చుండరాదను దేశములో అది జరిగినది.

మన దేశములో 1994 ఆగస్టు 3న ఢిల్లీలో మొదటిసారి గుండె మార్చిన డాక్టర్ పి. వేణుగోపాల్ రాజమహేంద్రవరమున పుట్టిన తెలుగువాడే. అవయవదాన చట్టము వచ్చినది ఆ యేడే. దానిప్రకారము నలుగురు వైద్యులు, కనీసము ఆరు గంటల యెడముతో రెండు మారులు పరీక్షించి, మెదడు చనిపోయెనని నిర్ధారింపవలెను. ఇది కోమా కాదు. కోమాలోనివారు లేచుట కలదు. మెదడు చనిపోయినవారు లేవరు. కాని యంత్రము ఊపిరి పోయుచుండగా ఛాతీ లేచి పడును, చెయ్యి వెచ్చగా నుండును. కన్నతల్లి ఎట్లు నమ్మును? తొందర చేసి ఆమెను గద్దింపరాదు. అయినను తీసిన గుండెను సుమారు నాలుగు గంటలలో అమర్చవలెను.

గుండె లేని దేహము కడవరి దినమున ఎట్లు లేచునని మన పెద్దలు కొందరు అడుగుదురు. వారి భయము తేలికగా కొట్టివేయదగినది కాదు. అయితే రోడ్డు ప్రమాదమున చనిపోయినవారికి శవపరీక్ష జరుగుచున్నదే, అప్పుడెవరును ఈ ప్రశ్న వేయరు. సముద్రమున మునిగినవారికి సమాధియే లేదు. ఇదే యెహెజ్కేలుకు తరువాతి అధ్యాయములోనే లోయనిండ ఎండిన యెముకలు కనబడెను. వాటిలో ఏ గుండె మిగిలియుండెను?

ఒక సంగతి ఇంటింట తెలిసియుండవలెను. అబ్బాయి తన అవయవములు ఇచ్చెదనని ముందుగానే పత్రము వ్రాసియుంచినను, ఆ గడియలో ఆసుపత్రివారు వచ్చి అడుగునది వరండాలో కూర్చున్న అమ్మానాన్నలనే.