మాటలో ఉప్పు

పౌలు కొలొస్సయులకు వ్రాయుచు, విశ్వాసి మాటలో కృపయు ఉప్పును ఉండవలెనని కోరెను (4:6). కృపను అందరును జ్ఞాపకముంచుకొందురు. ఉప్పును మరచువారే ఎక్కువ. దానికి పైవచనములలోనే, వాక్యము చెప్పుటకు ద్వారము తెరువబడునట్లు ప్రార్థింపుమని అతడు ఆ సంఘమును వేడుకొనెను. కాబట్టి నేర్పుగల మాట సువార్తను దాచుటకు కాదు, చెప్పుటకే. అయితే ఊరకుండుట ఎప్పుడు జ్ఞానము, ఎప్పుడు పిరికితనము?

ఈ ప్రశ్నకు ఢిల్లీలో జరిగిన ఒక చర్చ కొంత వెలుగునిచ్చును. 1948 డిసెంబరు 6న రాజ్యాంగ సభ మతస్వాతంత్ర్యపు అధికరణమును పరిశీలించెను. ముసాయిదాలో అది 19వది, నేడు 25వది. మతమును అవలంబించుటకును ఆచరించుటకును తోడు 'ప్రచారము చేయుటకు' కూడ హక్కు ఉండవలెనా అనునదే వివాదము. లోక్‌నాథ్ మిశ్రా ఆ పదమును తీవ్రముగా ఎదిరించెను. సభను నడుపుచున్న ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. తన సమాజపు హక్కును గూర్చియే వాదము జరుగుచుండగా ఇరుపక్షములకును సమముగా అవకాశమిచ్చుట ఆయన విధి. అది సులభమైన ఆసనము కాదు.

ఆ పదమును సమర్థించినవారిలో మద్రాసు సభ్యుడగు టి. టి. కృష్ణమాచారి ఒకడు. ఆయన హిందువు. తాను సుమారు 14 ఏండ్లు క్రైస్తవ విద్యాసంస్థలో చదివినను, తన మతము మార్చుటకు అక్కడ ఎవరును ప్రయత్నింపలేదని ఆయన సాక్ష్యమిచ్చెను. తమ ఆదర్శములపై క్రైస్తవ్యము చూపిన ప్రభావమును కూడ ఒప్పుకొనెను. కె. ఎం. మున్షీయు ఆ పదము పక్షముననే మాటలాడెను. పదము నిలిచెను.

ఇచ్చట విశ్వాసియైన పాఠకునికి ఒక ముల్లు గ్రుచ్చుకొనును. ఆ ఉపాధ్యాయులు 14 ఏండ్లు ఊరకుండి తమ బాధ్యతను విడిచిరా? కృష్ణమాచారి మాటను జాగ్రత్తగా వినవలెను. వారు తమ విశ్వాసమును దాచిరని ఆయన అనలేదు. దాచియుండినయెడల ఆ ప్రభావము ఎక్కడిది? బలవంతపెట్టుట వేరు, సాక్ష్యమిచ్చుట వేరు. ఎవరికి ఎట్లు ప్రత్యుత్తరమియ్యవలెనో తెలిసికొనుడని పౌలు చెప్పిన మాటలోనే, అడుగువాడొకడు ఉండుననియు, అతని ప్రశ్నకొరకు కనిపెట్టవలెననియు ఇమిడియున్నది.

అయినను ఈ దృష్టాంతమును మౌనమునకు సాకుగా చేసికొనువారు నాతానును తలంచుకొందురు గాక (2 సమూయేలు 12). అతడు దావీదునకు గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను, అది నేర్పు. రాజు మండిపడిన తరువాత, ఆ మనుష్యుడవు నీవేయని ముఖముననే చెప్పెను, అది ఉప్పు. కథతోనే ఆగియుండినయెడల దావీదు మరియొకనికి శిక్ష విధించిన తృప్తితో నిద్రించియుండును.

25వ అధికరణము ఆ హక్కును క్రైస్తవులకు మాత్రమే ఇయ్యలేదు, అందరికిని ఇచ్చినది. పొరుగువాడు తన విశ్వాసమును వివరించునప్పుడు అడ్డురాక కడవరకు వినుటయు, వినుటకు వేగిరపడుమని యాకోబు చెప్పిన దానిలో (1:19) చేరియున్నది.