భూమి ఎవరిది?

మూలవాక్యములు: లేవీయకాండము 25:23-28, యిర్మీయా 32:6-15



స్థలము కొనుట, ఇల్లు కట్టుట, పెద్దలనాటి పొలము అమ్ముట మన కుటుంబములలో ఎప్పుడునుండు మాటలే. ఇవి రిజిస్ట్రారు ఆఫీసుకు చెందిన సంగతులు, ఆలయమునకు చెందినవి కావని కొందరి తలంపు. మోషే ధర్మశాస్త్రము అట్లు తలంచలేదు.

మొదటిది: భూమి దేవునిది. దానిని శాశ్వతముగా అమ్మకూడదనియు, ఇశ్రాయేలీయులు ఆయనయొద్ద కాపురమున్న పరదేశులేయనియు దేవుడు సెలవిచ్చెను. కాబట్టి వారు అమ్మినది నిజమునకు భూమి కాదు, సునాద సంవత్సరమువరకు మిగిలిన పంటలే. ఏండ్లు ఎక్కువైతే వెల ఎక్కువ, తక్కువైతే వెల తక్కువ (25:15-16). 50వ సంవత్సరమున పొలము మరల సొంత కుటుంబమునకు చేరవలెను. ప్రాకారముగల పట్టణములోని ఇంటికి మాత్రము విడిపించుకొను గడువు ఒక్క సంవత్సరమే. నేటి ఇశ్రాయేలు దేశములోను 90 శాతమునకు పైగా భూమి ప్రభుత్వము, జాతీయ నిధి సంస్థల చేతిలోనున్నది. 1960 నాటి చట్టము దాని అమ్మకమును నిషేధించెను. తరువాత కొన్ని సడలింపులు వచ్చినను, 49 ఏండ్లకు, 98 ఏండ్లకు కౌలుకిచ్చుట అక్కడి వాడుక.

రెండవది: పత్రము శుభ్రముగా నుండవలెను. శత్రుసేన యెరూషలేమును ముట్టడించియుండగా, చెరసాల ఆవరణములోనున్న యిర్మీయా అనాతోతు పొలమును 17 తులముల వెండికి కొనెను. వెండి తూచెను, పత్రము వ్రాసి ముద్రవేసెను, సాక్షులను పెట్టెను. ముద్రవేసిన పత్రమును, విప్పియున్న పత్రమును బారూకు చేత మంటికుండలో భద్రము చేయించెను. దేవుని మాట స్వయముగా విన్న ప్రవక్తయే పత్రము వ్రాయించగా, "మన సంఘస్థుడే గదా, కాగితమెందుకు?" అనుట విశ్వాసము కాదు, అజాగ్రత్త. యూదుల మిష్నా కూడ వెల చెల్లించుట, పత్రము, స్వాధీనము అను మూడు మార్గములను చెప్పినది. మన దేశములో స్థిరాస్తి అమ్మకమునకు రిజిస్టరైన దస్తావేజు కావలెను. జనరల్ పవరాఫ్ అటార్నీ మీద జరిగిన అమ్మకము యాజమాన్య హక్కునీయదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. స్టాంపు ఖర్చు తగ్గునని వెల తక్కువగా వ్రాయించుట అబద్ధసాక్ష్యమే. అబ్రాహాము మక్పేలా పొలమునకు 400 తులములను అందరు వినుచుండగా పూర్తిగా తూచి ఇచ్చెను.

మూడవది, మిక్కిలి కష్టమైనది: సహోదరుడు చితికిపోయినప్పుడు మనమేమి చేయుదుము? బీదవాడై అమ్మిన పొలమును సమీప బంధువు విడిపించవలెనని ఆజ్ఞ (25:25). రూతు గ్రంథములోని దగ్గరి బంధువు పొలమనగానే సరేననెను. రూతు భారము కూడ వచ్చునని విని వెనుకకు తగ్గెను. బోయజు రెండింటిని ఎత్తుకొనెను. ఊరిలోనున్న అన్నకు అప్పులైనప్పుడు, వెల ఇంకను దిగునని పొరుగు రాష్ట్రములో కాచుకొనియున్న తమ్ముడు ఏ బంధువు వరుసలో నిలుచును? అక్కచెల్లెండ్రకు చీర పెట్టి సంతకము తీసికొనువారు ఆలోచించవలెను. కుమారులు లేని సెలోపెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలిచి స్వాస్థ్యమడుగగా, వారి మాట న్యాయమని దేవుడే చెప్పెను (సంఖ్యా 27). వీలునామా లేనప్పుడు 1925 నాటి భారత వారసత్వ చట్టము కుమార్తెకు కుమారునితో సమాన భాగము చూపుచున్నది. చట్టము ఇచ్చినదానిని చీరతో తీసివేయుట క్రైస్తవ ధర్మమా?

ప్రియులారా, ఊరు విడిచివచ్చిన మన పెద్దలకు పరదేశి అను మాట ఎవరును వివరింపనక్కరలేదు. వారి పిల్లలమైన మనకిప్పుడు ఇండ్లున్నవి, పట్టాలున్నవి. అయినను దేవుని యెదుట మనము కాపురస్థులమే. వెండి బంగారములతో గాక తన రక్తముతో మనలను విడిపించిన సమీప బంధువు మనకున్నాడు. విడిపింపబడినవారు సహోదరుని పడిపోనియ్యరు. ఈ వారమే ఇంటిలోని దస్తావేజులను బయటికి తీసి చూడుడి. వాటిలో ఎవరి భాగమైనను మనయొద్ద నిలిచియున్నయెడల, వారికి ఉత్తరము వ్రాయుడి.

న్యాయముగా కొనుటకును, నిజముగా అమ్ముటకును, ప్రేమతో విడిపించుటకును ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.