అమ్మని ఎవరూ అడగలేదు

అమ్మకి పార్కిన్సన్స్ అని తేలిన మూడో ఏడు తమ్ముడు ఒక కరపత్రం తెచ్చాడు. మూలకణాలతో వైద్యం, వణుకు తగ్గుతుందట, మళ్లీ నడుస్తారట. ఖర్చుకి రెండెకరాలు అమ్మాలి. "బోరు ఏసేటప్పుడు నీళ్లు పడతాయని ఎవరన్నా రాసిచ్చినారా అక్కా? అయినా ఏసినాం కదా" అన్నాడు. అనంతపురంలో పుట్టినవాళ్లు ఈ మాటని నవ్వి తీసిపారేయలేరు. మా చేనులో మూడు బోర్లు ఎండిపోయాయి. మొదటిదానికి అమ్మ గాజులు, మూడోదానికి మరదలి గొలుసు పోయాయి.

జీవశాస్త్రం పాఠాలు చెప్పేదాన్ని కనక నాకు 'వద్దు' అనడం తేలిక. కొన్ని రక్త సంబంధ జబ్బులకి తప్ప మూలకణాలు ఇవ్వడం అనుమతి పొందిన ప్రయోగాల్లోనే జరగాలని 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. డబ్బు పుచ్చుకుని ఇచ్చేది వైద్యమూ కాదు, పరిశోధనా కాదు. అలాగని ఆశ అంతా బూటకమా? 2025లో క్యోటో శాస్త్రవేత్తలు ఏడుగురు పార్కిన్సన్స్ రోగుల మెదళ్లలో కణాలు నాటిన ఫలితాలు ప్రచురించారు. కణాలు బతికాయి, డోపమైన్ తయారుచేశాయి, తీవ్రమైన హాని కనబడలేదు. కానీ ఏడుగురే.

చచ్చిన కణాల స్థానంలో కొత్తవి పెట్టడం ఒక ప్రశ్న. అసలు ఎందుకు చస్తున్నాయన్నది ఇంకొకటి. ఆ రెండో ప్రశ్న వెంట నడిచిన మనిషి విజయలక్ష్మి రవీంద్రనాథ్. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, మైసూరులో డాక్టరేట్ చేసి, బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఏళ్ల తరబడి పనిచేశారు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి డైరెక్టర్. ఆమె పనిలో నన్ను పట్టి నిలిపింది కేసరి పప్పు. అది మా పంట కాదు, కానీ కరువు పంటే. ఏదీ పండని ఏడు కూడా పండుతుంది. అదే నెలల తరబడి తింటే కాళ్లు చచ్చుబడతాయి. ఈ జబ్బు మగవాళ్లకే ఎక్కువ. ఎందుకని? ఆడ ఎలుకల మెదడులో గ్లూటారెడాక్సిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుందనీ, ఈస్ట్రోజెన్‌తో దానికి సంబంధం ఉందనీ, అది నాడీకణాలకి రక్షణ ఇస్తుందనీ ఆమె బృందం చూపించింది. పార్కిన్సన్స్ లాంటి స్థితిని కలిగించే విషం ఇచ్చినప్పుడూ అంతేనని 2004లో ప్రచురించారు.

ఆడ ఎలుకని బల్ల మీదికి తెచ్చినందువల్లే ఇది తెలిసింది. 2009 నాటి జంతు పరిశోధనా పత్రాలని లెక్కేస్తే, నాడీశాస్త్రంలో మగజంతువుల మీద మాత్రమే చేసినవి, ఆడవాటి మీద మాత్రమే చేసినవాటికి ఐదున్నర రెట్లు. హార్మోన్ల చక్రం లెక్కలు పాడుచేస్తుందని సాకు. పాడయింది లెక్కలా, ప్రశ్నా?

ఇక్కడ నాకు గొంతు పట్టుకుంటుంది. అమ్మకి ముప్పై ఆరేళ్లకే గర్భసంచీతోబాటు అండాశయాలూ తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వెళ్లింది. పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు అన్నారు. సంతకం నాన్నది. గర్భసంచీ తీయించుకున్న స్త్రీల శాతం 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. ముట్లుడగకముందే అండాశయాలు తీసేసిన స్త్రీలలో పార్కిన్సన్స్ లాంటి లక్షణాల ముప్పు ఎక్కువని 2008లో మేయో క్లినిక్ పరిశోధకులు రాశారు. అమ్మ జబ్బుకి అదే కారణమని నేననలేను. శాస్త్రం ఒక్క మనిషి విషయంలో అలా తేల్చి చెప్పదు. కానీ ఆ రోజు ఆమెని అడగలేదన్నది మాత్రం నిజం.

మరి ఇప్పుడు? తమ్ముడు ఆశ పేరుతో, నేను శాస్త్రం పేరుతో నెల రోజులు వాదించుకున్నాం. ఇద్దరం కూడా అమ్మని అడగలేదు. అడిగినప్పుడు ఆమె వేసిన మొదటి ప్రశ్న, "ఆ ఏడుమందీ సొంతంగా అన్నం తింటాండారా?" నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి, "సేను అమ్మాకండి. పగలు నన్ను సూసుకునేకి ఒక మనిసిని పెట్టండి. ఆ పాప అలిసిపోయింది" అంది. పాప అంటే మరదలు. మూడేళ్లుగా ఆమెకి నిద్ర లేదన్న సంగతి మా వాదనలో ఒక్కసారీ రాలేదు.

అది అమ్మ ఇష్టమా, అలవాటైన త్యాగమా? ఆమె మాటని గౌరవిస్తున్నానా, నాకు అనుకూలంగా ఉంది కనక ఒప్పుకుంటున్నానా? తెలియడం లేదు. మనిషిని పెట్టాం. కరపత్రాన్ని నేను చెత్తబుట్టలో వేశాను. మర్నాడు చూస్తే బియ్యం డబ్బా మీద మడత పెట్టి ఉంది. పెట్టింది మరదలు.